లెక్కలు రావని జీవపరిణామాన్ని వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. శిలాజాలన్నా, పక్షులన్నా ప్రాణమట. ఆ ఇష్టంతోనే జీవపరిణామ శాస్త్రాన్ని ప్రధానాంశంగా ఎంచుకున్నారు. తీరా తరగతిలో కూర్చుంటే బోర్డు నిండా సమీకరణాలే. మధ్యంతర పరీక్షలో వందకు 34 వచ్చాయి. తప్పుపోయిన మూడు జవాబులను ఉత్తరంలో ఉన్నదున్నట్టుగా ఎత్తి రాశారు. మొదటిది లెక్క: వంద చంద్రకాంత మొక్కల్లో 40 ఎర్రపూలవి, 40 గులాబీవి, 20 తెల్లవి ఉంటే ఆ జనాభా హార్డీ-వైన్‌బర్గ్ సమతాస్థితిలో, అంటే జన్యువుల పాళ్లు తరతరానికీ మారకుండా ఉండే స్థితిలో ఉందా? ఈమె కై స్క్వేర్ విలువ (రావాల్సిన సంఖ్యలకూ కనబడ్డవాటికీ తేడా ఎంతో చెప్పే అంకె) 4.72 తెచ్చి, "లేదు" అని రాశారు. సున్నా వేశారు. రెండోది: మొసలికి బల్లి దగ్గరి చుట్టమా, పక్షి దగ్గరి చుట్టమా? బల్లి అన్నారు. మూడోది వ్యాసం. అందులో "మందును తట్టుకోవడానికి బాక్టీరియా తనను తాను మార్చుకుంటుంది" అన్న వాక్యం కింద ఎర్ర గీత పడింది. కోర్సు మానుకోవడానికి ఇంకా ఐదు వారాలే గడువు. మాలిక్యులర్ బయాలజీకి మారిపొమ్మని అక్క అంటున్నారు. లెక్కలుండవు కాబట్టి శిలాజాల వైపు వెళ్తే నయమని ఈమెకు అనిపిస్తోంది. సెలవుల ప్రాజెక్టుకు డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల ల్యాబ్‌లో ఒక చోటు, శిలాజాల సేకరణలో ఒక చోటు ఉన్నాయట. "లెక్కలు పుట్టుకతో రావాలి" అని ఒక సహవిద్యార్థి అన్న మాట మనసులోంచి పోవడం లేదని ఉత్తరం ముగించారు.

జవాబు: తప్పుపోయిన జవాబులను దాచుకోకుండా అక్షరం పొల్లుపోకుండా రాసి పంపారు చూడండి, అందుకు ముందుగా మెచ్చుకోవాలి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ కబుర్లు చెబుతున్నవి ఆ మూడు జవాబులే. కోర్సు ఉంచుకోవాలా, మానాలా అన్నది తరవాత చూద్దాం. ముందు వాటి దగ్గర కూర్చుందాం.

చంద్రకాంత లెక్కలో మీ కూడికలు, తీసివేతలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా మొదటి అడుగులో ఉంది. తెల్లవి 20 శాతం కాబట్టి తెలుపు అల్లీల్ (జన్యువుకు ఉండే రూపాల్లో ఒకటి) పౌనఃపున్యం, అంటే జనాభాలో దాని వాటా, 0.20కి వర్గమూలం, అంటే 0.447 అన్నారు. ఎరుపుది 0.553. ఆ లెక్కన రావాల్సిన మొక్కలు ఎరుపు 30.6, గులాబీ 49.4, తెలుపు 20. అక్కణ్ణుంచి 4.72 వచ్చింది. ఒక్కసారి ఆ తెలుపు గడి చూడండి. రావాల్సింది 20, కనబడింది 20, తేడా సున్నా. అలా అచ్చుగుద్దినట్టు కుదరడమే అనుమానించాల్సిన చోటు. వర్గమూలం తీయడమంటే "ఈ జనాభా ఇప్పటికే సమతాస్థితిలో ఉంది" అని ముందే ఒప్పేసుకోవడం. దేన్ని పరీక్షించాలో దాన్నే నిజమనుకుని లెక్క మొదలుపెట్టారన్నమాట.

చంద్రకాంతలో ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ వస్తుంది. కాబట్టి ఏ మొక్కలో ఏ అల్లీళ్లు ఉన్నాయో పువ్వు చూస్తేనే తెలిసిపోతుంది. అలాంటప్పుడు వర్గమూలంతో పనేముంది? లెక్కపెట్టడమే. వంద మొక్కలంటే 200 అల్లీళ్లు. ఎర్ర మొక్క ఒక్కొక్కటి రెండేసి ఇస్తే 80, గులాబీ ఒక్కొక్కటి ఇస్తే 40, మొత్తం 120 ఎరుపు. 200లో 120 అంటే 0.6. తెలుపు 0.4. రావాల్సినవి ఎరుపు 36, గులాబీ 48, తెలుపు 16. ఇప్పుడు తేడాలు 4, 8, 4. వాటి వర్గాలను రావాల్సిన సంఖ్యలతో భాగిస్తే 0.44, 1.33, 1.00. కూడితే 2.78. ఐదు శాతం దగ్గర గీత, అంటే సమతాస్థితి ఉన్నా కేవలం యాదృచ్ఛికంగా వందలో ఐదుసార్లే దాటే హద్దు, 3.84 కాబట్టి ఇది దానికి లోపలే ఉంది. సమతాస్థితిని కాదనడానికి ఈ వంద మొక్కలు చాలవు. మీ జవాబు తలకిందులైంది ఇక్కడే.

గీత 3.84 ఎందుకు, 5.99 ఎందుకు కాదు అన్నది కూడా పట్టుకోండి. తరవాతి పరీక్షలో అడిగే అవకాశం ఎక్కువ. రంగులు మూడు. మొత్తం వంద అని ముందే తెలుసు కాబట్టి ఒకటి పోయింది. ఎరుపు పౌనఃపున్యాన్ని ఈ మొక్కల నుంచే తీసుకున్నాం కాబట్టి ఇంకొకటి పోయింది. మిగిలింది ఒక్క డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్, అంటే స్వేచ్ఛగా మారగలిగేది ఒక్కటే. దానికి గీత 3.84, రెండుంటే 5.99. ఆ రెండోదాన్ని మరిచిపోయి 5.99తో పోల్చేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఇదే లెక్కను 200 మొక్కలతో, అవే పాళ్లలో, 80, 80, 40 అని వేసి చూడండి. కై స్క్వేర్ రెట్టింపై 5.56 అవుతుంది, గీత దాటుతుంది. పువ్వుల పాళ్లు మారలేదు, తీర్పు మారింది. గులాబీ మొక్కలు 96 రావాల్సిన చోట 80 ఉన్నాయి, ఎందుకు తగ్గాయని అప్పుడు అడగాలి. దగ్గర చుట్టాల మధ్యే పరాగ సంపర్కం జరుగుతోందా? రెండు వేరు వేరు తోటల మొక్కలను కలిపి లెక్కపెట్టామా? వేరు పౌనఃపున్యాలున్న రెండు జనాభాలను ఒకటిగా కలిపేస్తే విషమయుగ్మజాలు, అంటే రెండు వేరు వేరు అల్లీళ్లున్న మొక్కలు, తగ్గినట్టే కనబడతాయి. సమీకరణం పని ఈ ప్రశ్న దగ్గరకు మిమ్మల్ని తీసుకురావడం. 1908లో హార్డీ అనే గణితవేత్త, వైన్‌బర్గ్ అనే వైద్యుడు ఎవరికి వారుగా చెప్పింది, ఏమీ జరగకపోతే ఎలా ఉంటుందో. ఏదో జరిగిందని తెలియాలంటే అది ముందు చేతిలో ఉండాలి.

ఇక మొసలి సంగతి. ఇందులో అంకెలు లేవు, అయినా తప్పింది. కాబట్టి మీ ఇబ్బంది అంతా లెక్కలదే అన్న మాట ఇక్కడే వీగిపోయింది. మీరు బహుశా జీవుల చుట్టరికాన్ని కొమ్మలుగా గీసి చూపే వృక్షం కొసల్లో ఎవరి పక్కన ఎవరున్నారో చూసుంటారు, లేదంటే ఒంటి మీద పొలుసులు చూసుంటారు. రెండూ మోసం చేస్తాయి. చూడాల్సింది కొసలు కాదు, కొమ్మలు కలిసే చోటు. మొసలి కొస మీద వేలు పెట్టి వెనక్కి జరపండి. పక్షి కొమ్మ ముందు కలుస్తుందా, బల్లి కొమ్మ ముందు కలుస్తుందా? పక్షిదే ముందు కలుస్తుంది. మొసలికీ పక్షికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుడు, బల్లితో కూడా కలిపి ఉన్న పూర్వీకుడి కంటే ఇటీవలివాడు. పొలుసులు అంతకుముందు నుంచీ ఉన్న పాత ఆస్తి. అది మొసలి దగ్గరా బల్లి దగ్గరా మిగిలినంత మాత్రాన ఇద్దరూ దగ్గరివాళ్లు అయిపోరు.

దీనికి కాగితం కంటే సన్నని తీగ మేలు. నాలుగు జీవులతో వృక్షం చేసి, కొమ్మలు కలిసే ప్రతి చోటా తిప్పి చూడండి. కొసల వరస మారిపోతుంది, చుట్టరికం మారదు. అది చేతికి తెలిశాక పరీక్షలో ఏ వరసలో గీసిచ్చినా తడబడరు. తరవాత ట్రౌట్ చేప, లంగ్‌ఫిష్ (ఊపిరితిత్తులున్న చేప), కప్ప, ఆవు పెట్టి చేయండి. లంగ్‌ఫిష్‌కు ట్రౌట్ కంటే ఆవే దగ్గరని తేలినప్పుడు మొదట మనసొప్పదు. అదెందుకో కొసల నుంచి వెనక్కి నడిచి మీకు మీరే చెప్పుకోగలిగితే ఈ పాఠం అయిపోయినట్టే.

మూడో జవాబు గురించి మాట్లాడాల్సింది ఇంకాస్త ఎక్కువ ఉంది, ఎందుకంటే అక్కడ అడ్డుపడింది లెక్కా కాదు, బొమ్మా కాదు, మన భాష. "తట్టుకోవడానికి మారింది" అనగానే తెలుగులో ఉద్దేశం వచ్చి కూర్చుంటుంది. అవసరం పడింది, అందుకే మారింది అన్న అర్థం ఆ "డానికి"లోనే ఉంది. పరీక్ష ఏ భాషలో రాసినా ఆలోచన తెలుగులో సాగినంతసేపూ ఈ చిక్కు వెంటే ఉంటుంది. రాసిన జవాబులో ప్రతి "డానికి" కిందా, ప్రతి "కోసం" కిందా గీత గీసి, ఆ వాక్యాన్ని "అప్పటికే ఉన్న వాటిలో ఏవి మిగిలాయి?" అన్న ప్రశ్నకు జవాబుగా తిరగరాయండి. మీ వాక్యమే ఇలా అవుతుంది: "మందు వేయకముందే ఆ గుంపులో దాన్ని తట్టుకోగల బాక్టీరియాలు కొన్ని ఉన్నాయి. మందు మిగతావాటిని చంపింది. మిగిలినవి పెరిగి గుంపంతా వాటి సంతతే అయింది."

అప్పటికే ఉన్నాయని ఎలా తెలుసు? 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వైరస్‌తో చేసి చూపించారు. బాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, తరవాత ఒక్కో గొట్టంలోని బాక్టీరియాను వైరస్ పూసిన ప్లేట్ మీద పరిచారు. వైరస్ తగిలాకే బాక్టీరియా మారేటట్టయితే అన్ని ప్లేట్ల మీదా ఇంచుమించు ఒకే సంఖ్యలో బతికినవి కనబడాలి. అలా కాలేదు. కొన్నిటి మీద అసలు లేవు, కొన్నిటి మీద కుప్పలుగా ఉన్నాయి. గొట్టంలో ఉత్పరివర్తనం, అంటే జన్యువులో మార్పు, తొలి తరాల్లోనే జరిగితే దాని పిల్లలు కుప్పలు, చివర్లో జరిగితే ఒకటీ రెండూ. వాళ్లకు కావలసిన జవాబు సగటులో లేదు, ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ మధ్య ఉన్న తేడాలో, అంటే విస్తృతిలో ఉంది. మీరు భయపడుతున్న గణాంక శాస్త్రం ఎందుకు పుట్టిందో, ఎందుకు కావాలో ఇంతకంటే బాగా చెప్పే ప్రయోగం వెతికినా దొరకదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

శిలాజాల వైపు వెళ్తే లెక్కలుండవన్న ఆశ వదులుకోండి. ఇది గట్టిగానే చెప్పాలి. పది జాతుల శిలాజాలు మీ చేతికిచ్చి వాటి వర్గవికాస వృక్షం, అంటే చుట్టరికపు వృక్షం, కట్టమంటే, రెండేసి కొమ్మలుగా చీలే వృక్షాలే 3,44,59,425 రకాలుగా కట్టొచ్చు. మూడు జాతులకు మూడే, నాలుగింటికి పదిహేను. ఆ పదిహేనూ కాగితం మీద గీసి చూస్తే పదింటి దగ్గర ఎంత విస్ఫోటనమో తెలుస్తుంది. అన్నిటిలో ఏది నమ్మదగిందో చెప్పాలంటే సంభావ్యత కావాలి. ఎముక పొడవుకీ ఒంటి బరువుకీ సంబంధం చూడాలంటే లాగరిథమ్‌లు కావాలి. ఇష్టం ఉంటే శిలాజాల వైపు తప్పకుండా వెళ్లండి. పారిపోవడానికి మాత్రం అది చోటు కాదు.

అక్క చెప్పిన మాలిక్యులర్ బయాలజీ మంచి దారే. అక్కడ ల్యాబ్ పని ఎక్కువ, చేతిపనిలో ఓపిక ఉన్నవాళ్లు రాణిస్తారు. కానీ డీఎన్ఏ వరసలు చేతికొచ్చిన రోజున ఇదే జనాభా జన్యుశాస్త్రం, ఇవే వృక్షాలు మళ్లీ ఎదురొస్తాయి. అప్పుడు నేర్పేవాళ్లు ఉండకపోవచ్చు. పైగా మీ ఉత్తరంలో పక్షుల గురించి ఒకటిన్నర పేజీ ఉంది, ప్రోటీన్ల గురించి ఒక్క వాక్యమూ లేదు. మారాలనుకుంటే అక్కడ ఇష్టమైనది ఒకటి కనబడ్డాక మారండి.

ఈ కోర్సు ఇప్పుడు మానేసి, గణాంక శాస్త్రం పాఠం పూర్తిచేసి, వచ్చే ఏడు మళ్లీ తీసుకోవడం ఇంకో దారి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. దానికి చెల్లించాల్సిన మూల్యం మాత్రం విశ్వవిద్యాలయం నియమాల మీద ఆధారపడి ఉంటుంది. మానినట్టు మార్కుల పత్రంలో కనబడుతుందా? మళ్లీ రాస్తే పాత మార్కు చెరిగిపోతుందా, రెండిటి సగటు వేస్తారా? మూడో సంవత్సరంలో ఏయే కోర్సులకు ఇది ముందు పాఠంగా ఉండాలి? ఈ మూడు ప్రశ్నలూ పరీక్షల విభాగానికి రాసి పంపి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. మూడో ప్రశ్న అడగకుండా మానేసి, ఏడాదంతా ఖాళీగా మిగిలిపోయినవాళ్లు ఉంటారు.

నాలుగోది, కోర్సులో ఉండి ఈ ఐదు వారాల్లో నాలుగింటిని నిజాయితీగా ఖర్చుపెట్టి, ఐదో వారంలో తేల్చుకోవడం. మీరు ఎత్తి రాసిన మూడు తప్పులను బట్టి చూస్తే ఇదే సరైనదని అనిపిస్తుంది. డిగ్రీ స్థాయిలో ఈ శాస్త్రానికి కావలసిన గణితం వర్గాలు, భిన్నాలు, సంభావ్యతలు ఎప్పుడు గుణించాలి ఎప్పుడు కూడాలి అన్న విచక్షణ, సగటు, విస్తృతి, కొద్దిగా లాగరిథమ్‌లు. అంతకు మించింది పైచదువుల్లో. రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ చేత్తో చెయ్యాలి. చదివితే రాదు.

మొదటి వారం పైన చెప్పినలాంటి లెక్కలే, రోజుకు మూడు. రెండో వారం ఒక సంచి, రెండు రంగుల పూసలు తీసుకోండి. పది మొక్కల జనాభా అంటే ఇరవై పూసలు. పది ఎరుపు, పది తెలుపు వేసి, చూడకుండా ఒకటి తీసి రంగు రాసుకుని, మళ్లీ సంచిలో వేసి కుదపండి. ఇలా ఇరవై సార్లు. పన్నెండు ఎరుపు వస్తే, తరవాతి తరానికి సంచిలో పన్నెండు ఎరుపు, ఎనిమిది తెలుపు. తీసిన పూసను తిరిగి వేయడం మరిచిపోతే ప్రతి తరమూ పదీ పదే వస్తుంది, జన్యు విస్థాపనమే, అంటే అల్లీళ్ల పాళ్లు కేవలం యాదృచ్ఛికంగా మారిపోవడమే, కనబడదు. అందరూ తప్పేది అక్కడే. పది తరాలు అలా నడిపితే పౌనఃపున్యం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. సగటున తరానికి 5 శాతం చొప్పున విషమయుగ్మజత తరిగిపోతుంది, పది తరాలకు మిగిలేది 60 శాతం. 1956లో పీటర్ బ్యూరి ఇదే పనిని ఈగలతో చేశాడు. ఒక్కో సీసాలో పదహారు ఈగలు, అలాంటివి 107 జనాభాలు, 19 తరాలు. రెండు అల్లీళ్లూ సగం సగం ఉన్నచోట మొదలై, చివరికి సగానికి పైగా సీసాల్లో ఏదో ఒక అల్లీలే మిగిలింది.

మూడో వారం ప్రకృతి వరణం. తెల్ల పూల మొక్కలన్నీ విత్తనం కట్టకముందే చచ్చిపోతాయనుకోండి. తెలుపు అల్లీల్ పౌనఃపున్యం ఇప్పుడు 1/2 అయితే, తరవాతి తరంలో 1/3, ఆ పైన 1/4, ఆ పైన 1/5. అంతే, కింది సంఖ్యకు తరానికొకటి కలుస్తుంది. ఇక్కడ ఆగి, 1/100 దగ్గర ఏమవుతుందో చూడండి. 1/200కి దిగాలంటే వంద తరాలు పడుతుంది. ఎందుకంత నత్తనడక? పది వేల మొక్కలు ఊహించుకోండి. 9,801 ఎరుపు, 198 గులాబీ, ఒకే ఒక్కటి తెలుపు. మొత్తం తెలుపు అల్లీళ్లు 200, అందులో చావుకు చిక్కేవి ఆ ఒక్క మొక్కలోని రెండే. మిగతా 198 గులాబీ మొక్కల్లో క్షేమంగా ఉన్నాయి. హానిచేసే అంతర్గత అల్లీళ్లు, అంటే జంటగా ఉంటేనే ప్రభావం చూపేవి, జనాభాల్లో ఎందుకు తుడిచిపెట్టుకుపోవో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. దీనికి వాడిన గణితం భిన్నాలు.

నాలుగో వారం తీగ వృక్షాలకు, ఆర్ అనే కంప్యూటర్ భాషకు. పూసల ఆటనే కంప్యూటర్‌తో ఆడించండి. బైనామియల్ సంఖ్యలు, అంటే ఇరవై సార్లు తీస్తే ఎన్ని ఎరుపు వస్తాయో ఆ సంఖ్యలు, తీసే ఫంక్షన్ ఒక్కటి, ఒక లూప్, పది వరసల ప్రోగ్రామ్. పది మొక్కలకు ఇరవై అని ఇవ్వాల్సిన చోట పది అని ఇస్తే విస్థాపనం రెండింతల వేగంతో నడుస్తుంది. మీ చేతి లెక్కతో పోల్చుకుంటే ఆ తప్పు దానంతటదే బయటపడుతుంది. చేత్తో చేయనివాళ్లకు కంప్యూటర్ ఏమి చెప్పినా నిజమనిపిస్తుంది, అందుకే ఈ వరస.

ఈలోగా ఒకసారి మీ అధ్యాపకుణ్ణి కలవండి. "నాకేమీ అర్థం కావడం లేదండీ" అని వెళ్తే ఆయనకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. జవాబు పత్రం తీసుకెళ్లి, చంద్రకాంత లెక్క తిరగచేసి చూపించి, "వర్గమూలం ఎప్పుడు తీయొచ్చు?" అని అడగండి. గులాబీ రంగు లేకుండా విషమయుగ్మజాలు కూడా ఎర్రగానే ఉండే జాతుల్లో, లెక్కపెట్టడానికి వేరే మార్గం లేనప్పుడు, సమతాస్థితి ఉందనుకుని తీస్తారు. అక్కడ ఆ జనాభాను సమతాస్థితికి పరీక్షించడం కుదరదు. ఆ సంభాషణ మొదటి రెండు వారాల్లోనే జరగాలి. గడువు ముందురోజు వెళ్తే ఆయన మీ భవిష్యత్తు గురించి తప్ప లెక్క గురించి మాట్లాడరు.

నాలుగు వారాలు గడిచాక పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. మార్కు ఎంతన్నది అలా ఉంచి, తప్పులు ఎలాంటివో చూడండి. కూడికలో జారినవైతే కోర్సులో ఉండండి. ఏ అడుగు ఎందుకు వేశారో ఇంకా చెప్పలేకపోతే, గణాంక శాస్త్రం ముందు చదివి మళ్లీ రావడమే మంచిది. లెక్క వస్తున్నా తరగతి తలుపు తీయగానే విసుగు పుడుతోందనుకోండి, అప్పుడు అక్క మాట మళ్లీ ఆలోచించండి.

సహవిద్యార్థి మాటకు ఒక్కటే జవాబు. డార్విన్ తన జీవితం గురించి రాసుకుంటూ, గణితం ఇంకొంత నేర్చుకోలేకపోయానే అని బాధపడ్డాడు. పుట్టుకతో రాలేదని ఆయన పని ఆగలేదు, నేర్చుకుని ఉంటే మరింత మేలని ఆయనకు తెలుసు.

ప్రాజెక్టు విషయం. ఈగల ల్యాబ్‌లో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర తరానికి దాదాపు పది రోజులు, అంటే రెండు నెలల్లో ఐదారు తరాలు. సంకరణం చేయాలంటే ఆడ ఈగలు ప్యూపా నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల లోపే వాటిని మగవాటి నుంచి వేరుచేయాలి, లేదంటే అవి అప్పటికే జతకట్టి ఉంటాయి, పిల్లల లెక్కంతా పాడవుతుంది. కాబట్టి పొద్దున్నా సాయంత్రమూ వెళ్లక తప్పదు, సెలవు రోజుల్లో కూడా. సీసాలో గుడ్లు మరీ ఎక్కువైతే ఈగలు చిన్నవిగా, ఆలస్యంగా వస్తాయి, అది జన్యువుల తేడా అని పొరపడతారు. శిలాజాల సేకరణలో సమయం మీ చేతిలో ఉంటుంది, కొలతే అక్కడ పరీక్ష. మొదటి రోజే పది నమూనాలను కొలిచి, ఆ కాగితం పక్కన పెట్టి, వారం తరవాత చూడకుండా మళ్లీ అవే కొలవండి. రెండు కొలతల మధ్య తేడా, ఒక నమూనాకూ ఇంకో నమూనాకూ మధ్య ఉన్న తేడాకు దగ్గరగా వస్తే, మిగతా వందా కొలిచి ప్రయోజనం లేదు. కాలిపర్ పట్టే పద్ధతి మార్చుకోవాలి. మీ ఇష్టాన్ని బట్టి శిలాజాలే ఎంచుకుంటారనిపిస్తోంది. అలాగే కానివ్వండి, ఆ పది నమూనాల సగటు, విస్తృతి కట్టడంతో మీ గణాంక శాస్త్రం మొదలవుతుంది.